కావడిబండ మీద ఒక పగలు

కణకణదుర్గం అనే రాజ్యంలో ఒకనాటి పొద్దున ఏ ఇంట్లోనూ అన్నం ఉడకలేదు. ఒక ఇంట్లో ఉడక్కపోతే అత్తాకోడళ్లకు పడలేదనుకోవచ్చు. ఒక వీధిలో ఉడక్కపోతే కట్టెలు తడిశాయనుకోవచ్చు. రాజుగారి వంటశాల మొదలు ఊరి చివరి పాక దాకా అన్ని పొయ్యిలూ ఒక్కసారే ఆరిపోతే ఏమనుకోవాలి? చెకుముకి రాళ్లు కొట్టి కొట్టి అరిగిపోయాయి కానీ ఒక్క రవ్వ రాలలేదు. దీపాల్లో నూనె నిండుగా ఉంది, ఒత్తి అంటుకోదు. కమ్మరి తన కొలిమి ముందు కూర్చుని చల్లటి బొగ్గును అరచేతిలో పెట్టుకుని చూసుకుంటున్నాడు. నమ్మబుద్ధి కావడం లేదు కదూ? నేను చెప్పబోయేవాటిలో ఇదే అన్నిటికన్నా చిన్న వింత. దీని దగ్గరే మొరాయిస్తే ముందు రాకాసి వచ్చినప్పుడు మీతో నేను వేగలేను.

ఇలా ఎందుకైందంటే, తప్పు రాజుది. పేరు ప్రజ్వలసేనుడు. మనసు మంచిదే కానీ మెప్పు పిచ్చి. పదేళ్ల కిందట పొరుగు రాజు విందుకు వచ్చి, మూతి తుడుచుకుంటూ, మీ కోట మా కోటంత వెలగడం లేదేమిటి అన్నాడు. అంతే. మర్నాడే దండోరా. ఇకమీదట రాజ్యంలో నిప్పన్నది ఎప్పుడు చూసినా భగభగ మండుతూనే ఉండాలన్నాడు. కొలిమితిత్తులు ఆగకూడదు. కోట బురుజుల మీద మంటలు తగ్గకూడదు.

అంతకు ముందు ఆ ఊరి ఆడవాళ్లకు ఒక అలవాటు ఉండేది. వంట అయ్యాక పొయ్యిలోని కణికలను ఒక మూలకు నెట్టి, పైన బూడిద కప్పి వదిలేసేవారు. తెల్లవారి ఆ బూడిద పక్కకు తీస్తే కణికలు ఎర్రగా కళ్లు తెరిచేవి. రాజభటులు ఇల్లిల్లూ తిరిగి ఈ అలవాటు మాన్పించారు. నిప్పును బూడిద కింద దాచినవాళ్ల పొయ్యి పగలగొట్టారు. పదేళ్లు గడిచాయి. ఆ పదేళ్లలో పుట్టి పెరిగిన పిల్లలకు బూడిదంటే గిన్నెలు తోముకునేది, నొసట పెట్టుకునేది, అంతే.

పదేళ్లు కునుకు లేకుండా మండితే నిప్పుకైనా విసుగు రాదా? ఒక అమావాస్య నాడు అలిగి లేచిపోయింది. ఏడుమెట్ల కొండ శిఖరాన తపస్సు చేసుకుంటున్న అంగారముని గుండంలోకి వెళ్లి కూర్చుంది.

నిప్పు పోయిన చోటికి చలి వచ్చింది. మనం ఎరిగిన చలికాలపు చలి కాదు. కాలి బొటనవేలి దగ్గర మొదలై, రోజుకింత పైకి పాకి, పాకినమేర ఒంటిని రాయి చేసే చలి. అది ముందుగా పట్టుకున్నది పుట్టినప్పటినుంచీ నిప్పు పక్కనే బతికినవాళ్లను. వాళ్లలో మొట్టమొదటిది రాజుగారి వంటశాలలో పొయ్యిలు రాజేసే పైడమ్మ. ఆస్థాన వైద్యుడు ఆమె పాదాలు తట్టి చూశాడు. బండను తట్టినట్టు చప్పుడైంది. మళ్లీ అమావాస్య పొద్దు కుంకేలోపు ఈ రాజ్యంలో పొయ్యి వెలగకపోతే చలి ఈమె గుండెకు చేరుతుందనీ, ఆ వెనక అందరి వంతూ వస్తుందనీ తేల్చాడు.

రాజు ఏడుగురు వీరులను గుర్రాల మీద పంపాడు. నిప్పు పోయిన పద్దెనిమిదో రోజుకు ఏడుగురూ తిరిగొచ్చారు. ఏడు కుండల్లో ఏడు దోసిళ్ల నల్లబొగ్గు తెచ్చారు. ముని అందరికీ నిప్పు ఇచ్చాడట. దారిలో ఆరిపోయిందట. ఎలా ఆరిపోయిందని అడిగితే ఏడుగురూ ఒకటే చెప్పారు. ఆరిపోతుందేమోనని దారంతా ఊదుతూనే ఉన్నాం మహారాజా, అన్నారు.

పైడమ్మకు ఒక్కతే కూతురు. పేరు అంకాలు. పదమూడేళ్లది. ఆ తల్లీకూతుళ్లకు ఒకే రాగి కడ్డీని రెండు ముక్కలు చేసి కడియాలు చేయించారు. చలి మొదలైన నాటినుంచి అంకాలు చేతి కడియం అతుకు దగ్గర నల్లబడడం మొదలైంది. తల్లికి మోకాళ్ల దాకా చలి వస్తే కడియం పావువంతు నలుపు. నడుం దాకా వస్తే సగం. రెండు వైపులనుంచీ పాకుతున్న ఆ నలుపు కలుసుకుంటే ఏమవుతుందో అంకాలుకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

వీరులు తిరిగొచ్చేసరికి అమావాస్యకు పన్నెండు రోజులుంది. మళ్లీ పోయేవాడెవడని రాజు అడిగితే సభలో అందరూ తమ తమ చెప్పులు చూసుకున్నారు. అలా చెప్పులు చూసుకోవడంలోనే మూడు రోజులు గడిచాయి. అప్పుడు అంకాలు ఒక మట్టిముంత, దానికో మూత తీసుకుని, దానికి తాళ్ల ఉట్టి కట్టుకుని బయలుదేరింది. పోవడానికి ఐదు రోజులు, రావడానికి నాలుగు. ఐదూ నాలుగూ తొమ్మిది. మీరు వేళ్ల మీద లెక్క వేసుకోండి, ఒక్క రోజు కూడా మిగలదు. అంకాలు వందసార్లు వేసుకుంది, మిగల్లేదు.

పోయేముందు తల్లి దగ్గరకు వచ్చింది. చలి ఇంకా గుండెకు చేరకపోయినా దాని దెబ్బకు పైడమ్మ నాలుక అప్పటికే మొద్దుబారి మాట రావడం లేదు. పొయ్యి వెనక గూట్లోంచి ఒక గుడ్డమూట తీయించి కూతురి చేతిలో పెట్టింది. విప్పి చూస్తే మెత్తటి పొయ్యి బూడిద, రెండు దోసిళ్లుంటుంది. రాజభటుల కంట పడకుండా పదేళ్లుగా దాచుకున్నది. తల్లి ఏదో చెప్పాలని ముంతను చూసింది, మూటను చూసింది, మళ్లీ ముంతను చూసింది. అంకాలు ఆ బూడిద చిటికెడు తీసి నొసట పెట్టుకుంది. అమ్మ రక్ష కట్టి ఇచ్చిందనుకుంది. ఊరు దాటేవాళ్లకు పెద్దలు నొసట విభూతి పెట్టడం ఆ ఊళ్లో ఉన్నదే కదా. పైడమ్మ కళ్ల వెంట నీళ్లు కారాయి. అదీ ప్రేమే అనుకుంది అంకాలు.

మీకు అర్థమైపోయింది, నాకు తెలుసు. అరవకండి. ఆ పిల్లకు వినపడదు.

మొదటి రోజు ముళ్లడవి. రెండో రోజు దారికి అడ్డంగా ఒక ఎలుగుబంటి పడుకుని ఉంది. దాని పొట్ట ఈ పక్క గట్టు మీద, వీపు ఆ పక్క గట్టు మీద. వీపు దురద తీర్చనిదే కదలనంది. అంకాలు బూడిద చిటికెడు నొసట పెట్టుకుని, రేగుకంప విరిచి, మధ్యాహ్నం దాకా గోకింది. గోకుతున్నంతసేపూ కడియం వంకే చూస్తోంది. ఎలుగుబంటి హాయిగా మూలిగి, లేచి దారి ఇచ్చి, ఒక మాట చెప్పింది.

"పైన కత్తిగట్టు దాటగానే ఒక పెద్ద బండ వస్తుంది. ఉప్పు మోసే కావళ్లవాళ్లు దాని మీద కావడి దించి ఒక పగలంతా కూర్చునేవారు. మా తాతల నాటినుంచీ చూస్తున్నాం. ఆ బండ మీద కూర్చోకుండా కొండెక్కినవాళ్లు కిందికి ఏదీ తిన్నగా తేలేదు."

"నాకు ఒక్క రోజు కూడా లేదు మామా" అంది అంకాలు.

"అందరూ అదే అంటారు" అని ఎలుగుబంటి మళ్లీ పడుకుంది.

మూడో రోజు కత్తిగట్టు. రెండు లోయల మధ్య అరటాకు ఈనెలా సన్నగా సాగిన రాతి అంచు అది. దాని మీద నడిచేవాళ్లు కుడివైపు చూస్తే ఎడమవైపు పడతారు, ఎడమవైపు చూస్తే కుడివైపు పడతారు. అంకాలు ఎటూ చూడకుండా, ఖాళీ ముంత వీపున వేసుకుని, మోకాళ్ల మీద పాకి దాటింది. దాటగానే చిటికెడు కాదు, గుప్పెడు బూడిద తీసి ఒళ్లంతా రాసుకుంది. భయం అంత పెద్దది మరి.

గట్టు దాటితే కావడిబండ. నున్నగా, వెడల్పుగా, ఎండకు వెచ్చగా ఉంది. దాన్ని చూడగానే అంకాలు కాళ్లు వాటంతటవే మడతపడబోయాయి. బండ పక్కన గడ్డివామంత ఆకారం ఒకటి గురకపెడుతోంది. చెవులకు తిరగలిరాళ్లు వేలాడుతున్నాయి. దాన్ని ఆవులింతల రాకాసి అంటారు. అది ఒకసారి ఆవులిస్తే మూడు కొంగలు నోట్లోకి ఎగిరివెళ్లి, లోపల తిరిగి చూసి, చెట్టు ఒక్కటీ లేదని బయటికి వచ్చేశాయట. అంకాలు కడియం చూసుకుంది. మునివేళ్ల మీద బండ దాటి పోయింది.

నాలుగో రోజు ఈదురుకనుమ. రాజుగారి వీరుల్లో ఒకడి మీసాలను అక్కడి గాలి పీకి తీసుకుపోయి, పొరుగు రాజ్యంలో మీసాలు లేనివాడొకడికి అతికించింది. అంకాలు నేలకు కరుచుకుని, మళ్లీ గుప్పెడు బూడిద పూసుకుని, అదీ దాటింది. ఐదో రోజు సాయంత్రానికి శిఖరం చేరింది.

అంగారముని గుండం పక్కన కూర్చుని ఉన్నాడు. గడ్డంలోంచి పొగ వస్తోంది. అంకాలు కాళ్ల మీద పడి సంగతంతా చెప్పుకుంది. చెబుతూ చెబుతూ ఊపిరి అందక ఆగింది. ముని నవ్వాడు.

"నిప్పు కావాలి. ఇస్తాను. ముందు వచ్చిన ఏడుగురికీ ఇచ్చాను. నీ వెంట ఇంకేమి తెచ్చుకున్నావు తల్లీ?"

"అమ్మ ఇచ్చిన రక్ష ఉంది స్వామీ" అని మూట చూపించింది.

ముని ఆ మూట కేసి చాలాసేపు చూశాడు. మునులకు ఒక జబ్బుంది, తెలిసినది తిన్నగా చెప్పరు. "మీ అమ్మ తెలివైనది" అని మాత్రం అని, గుండంలోంచి మూడు కణికలు పటకారుతో తీసి ముంతలో వేశాడు. ఒక్కొక్కటి నిమ్మకాయంత ఉంది.

ఆరో రోజు అంకాలు దిగడం కాదు, పరుగు. ఈదురుకనుమ దగ్గర పాకాలని గుర్తుంది, కానీ పాకితే పూట పోతుందని భయం. ముంతను గుండెకు హత్తుకుని పరిగెత్తింది. గాలి మూత సందులోంచి ముంతలోకి దూరి ఒక కణికను భగ్గుమనిపించింది. నాలుగడుగులు వేసేలోపు అది తెల్లటి బూడిదై ఎగిరిపోయింది. అంకాలు రాయి తట్టుకుని పడింది. కుడికాలి మడమ బెణికింది. లేచి మళ్లీ పరిగెత్తింది, కుంటుతూ.

ఏడో రోజు మిగిలిన రెండు కణికలూ ఉసిరికాయంతకు తగ్గాయి. తగ్గుతున్నాయేమోనని ప్రతి వంద అడుగులకూ ముంత మూత తీసి చూసింది. చూసినప్పుడల్లా ఎర్రదనం తగ్గినట్టనిపించి ఊదింది. ఊదినప్పుడల్లా కణిక మెరిసి, ఇంకాస్త చిక్కిపోయింది. సాయంత్రానికి రెండింట్లో ఒకటి నల్లబొగ్గైంది. ఏడుగురు వీరులు చేసిన పనే తానూ చేస్తున్నానని ఆ పిల్లకు అప్పుడైనా తోచలేదు. కంగారులో ఉన్నవాళ్లకు తోచదు. మీ పరీక్షల రోజు మీకు తోచిందా? పొద్దు కుంకినా ఆగకుండా రాత్రంతా నడిచింది. ఎనిమిదో నాటి సూర్యోదయానికి కావడిబండ దగ్గరకు వచ్చి పడింది. ముంతలో ఒక్క కణిక, రేగుపండంత. కడియం మీద రాగిరంగు రెండు వేళ్ల వెడల్పు మిగిలింది.

ఈసారి రాకాసి మేలుకునే ఉంది.

"ఏటే గుంటా, అలా పరిగెడతన్నావు? ఎవులైనా తరుముతున్నారా?"

అంకాలు ముంతను వెనక్కి దాచుకుంది. అయినా ఆగకుండా చెప్పేసింది, అమ్మ సంగతి, అమావాస్య రేపేనన్న సంగతి, ఇంకా రెండు రోజుల దారి ఉన్న సంగతి. నన్ను తినాలనుంటే నిప్పు ఇంటికి చేర్చి తిరిగొచ్చాక తిను అవ్వా, అని కూడా అంది.

రాకాసి చెవిరాళ్లు ఊగేలా తల అడ్డంగా తిప్పింది. తాను తినేది పరిగెత్తేవాళ్లనేననీ, ఈ బండ మీద కూర్చున్నవాళ్లకు కాపలా కాయడం తన పని అనీ చెప్పింది. పూర్వం ఉప్పు కావళ్లవాళ్లతో కుదుర్చుకున్న కట్టుబాటు అది. వాళ్లు పగలంతా కూర్చుని ఒళ్లు తేలిక చేసుకునేవారు, దిగేటప్పుడు తలా గుప్పెడు ఉప్పు పెట్టేవారు. నిప్పుతోపాటు మనుషులూ ఆగకూడదని పదేళ్లనుంచీ రాజు కావళ్లవాళ్లను ఆగనివ్వడం లేదు. పదేళ్లుగా తాను చప్పిడి కూడు తింటున్నానని చెప్పి, రాకాసి బండను అరచేత్తో తట్టింది.

"కూకో" అంది.

"కూర్చుంటే మా అమ్మ చచ్చిపోతుంది."

రాకాసి ఒక ఆకుదొన్నె కుట్టి, అంచుదాకా నీళ్లు పోసి, అంకాలు చేతిలో పెట్టింది. ఇది తొణక్కుండా ఇక్కడినుంచి ఆ రాయి దాకా పది అడుగులు నడువు, నడిస్తే పంపేస్తాను, అంది. అంకాలు నడిచింది. మొదటి అడుగుకే నీళ్లు తొణికాయి. మూడో అడుగుకు చెయ్యి వణికి సగం కారిపోయాయి. ఆరో అడుగు దగ్గర బెణికిన కాలు మడతపడి దొన్నె చేతిలోంచి జారింది.

"ముందర కత్తిగట్టుంది. ఆ చేతుల్తో ముంత పట్టుకుని, ఆ కాలుతో దాటతావా? నువ్వూ ఉండవు, నిప్పూ ఉండదు. మీ అమ్మకి కబురు చెప్పడానికి కూడా ఎవులూ ఉండరు."

అంకాలు బండ మీద కూలబడింది. ఏడుపు రాలేదు, ఏడవడానికి కూడా ఓపిక లేదు. అలవాటు కొద్దీ మూట విప్పి నొసటికి బూడిద తీయబోయింది. రాకాసి చెయ్యి చాచి ఆ మణికట్టు పట్టుకుంది. మూటలోకి తొంగిచూసింది. వాసన చూసింది. అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకు కొండమీది పిట్టలు లేచిపోయాయి.

"ఓసి పిచ్చిదానా. మీ అమ్మ నిప్పుకి దుప్పటి ఇస్తే నువ్వు నొసటికి రాసుకున్నావా?"

మూడు కణికలకు సరిపోయే బూడిద బయలుదేరేటప్పుడు ఉంది. ఇప్పుడు గుప్పెడే మిగిలింది. రాకాసి ముంతలో సగం బూడిద పరిచి, కణికను దాని మీద ఉంచి, మిగిలినదంతా మెత్తగా పైన కప్పింది. మూత పెట్టింది. పొద్దు వాలేదాకా ఈ మూత తీయొద్దని, ఊదొద్దని, కదపొద్దని చెప్పి, బండకు ఆ చివర కూర్చుంది.

ఇక చూడండి. ఎలుగుబంటిని గోకడం, గట్టు దాటడం, గాలితో పెనుగులాడడం, ఇవన్నీ అంకాలు చేసేసింది. చేయడానికి ఏమీ లేకుండా ఒక పగలంతా కూర్చోవడమే ఆ పిల్లకు అన్నిటికన్నా కష్టమైంది.

పొద్దు బారెడెక్కింది. ముంత మీద చెయ్యి వేసి చూసింది. ఇంతకుముందు చుర్రుమనేది, ఇప్పుడు గోరువెచ్చన. చెయ్యి మూత మీదికి పోయింది. రాకాసి దగ్గింది. చెయ్యి వెనక్కి వచ్చింది. కడియం చూసుకుంది. రెండు వేళ్ల వెడల్పు వేలున్నర అయింది. అమ్మకు ఇప్పుడు చలి పొట్ట దాటి ఉంటుంది. పక్కింటి వాళ్లు గోనెలు కప్పుతున్నారో లేదో. లేచి నాలుగడుగులు గట్టు వైపు నడిచింది. కాలు కలుక్కుమంటే మళ్లీ వచ్చి కూర్చుంది. రాకాసి ఏవో పసరు ఆకులు నూరి మడమకు కట్టింది. ఏదో ఒకటి మాట్లాడు అవ్వా అని అడిగితే, మాట్లాడడం కూడా పనే, ఊరికే ఉండమంది.

మధ్యాహ్నానికి ముంత చల్లగా తగిలింది. నీడలోని రాయెంత చల్లనో అంత చల్లన. ఆరిపోయింది, నా చేతులారా ఆర్పుకున్నాను అనుకుంది అంకాలు. అసలు ఈ రాకాసి మాట ఎందుకు నమ్మాను? నన్ను కూర్చోబెట్టి, నిద్రపుచ్చి, నిప్పు మింగి, తరవాత నన్ను తినడానికి కాదు కదా? నిద్రపోకూడదని గట్టిగా కళ్లు విప్పుకుని కూర్చుంది. అలా గట్టిగా విప్పుకున్న కళ్లు ఎంతసేపు నిలుస్తాయో మీకు నేను చెప్పాలా? ఎనిమిది రోజుల నిద్ర ఒక్కసారి మీద పడింది.

మెలకువ వచ్చేసరికి వాన తుంపర పడుతోంది. పొద్దు పడమటి కొండ మీద ఉంది. అంకాలు ఉలిక్కిపడి లేచింది. రాకాసి ముంత మీదికి వంగి ఉంది. రెండు చేతులూ ముంత చుట్టూ ఉన్నాయి. బుగ్గలు రెండు గుమ్మడికాయల్లా ఉబ్బి ఉన్నాయి, నోరు బిగించి ఉంది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"మింగేశావా?" అని అరిచింది అంకాలు.

రాకాసి మాట్లాడలేదు. మాట్లాడలేకపోయింది. తల అడ్డంగా తిప్పి, ఒక చెయ్యి మెల్లగా పక్కకు తీసి చూపించింది. ముంత మూత మీద ఒక్క చినుకు లేదు. వాన మొదలైన దగ్గరనుంచీ చేతులు గొడుగులా పట్టింది. మరి ఆ బుగ్గలేమిటంటే, ఆవులింత. మధ్యాహ్నంనుంచీ ఆపుకున్న ఆవులింత. ఆవులిస్తే ముంత ఎగిరిపోయి బూడిద కొండంతా చెదిరిపోతుందని, ఆవులించడం తప్ప వేరే పని ఎరుగని రాకాసి అప్పటినుంచీ నోరు బిగించుకుని కూర్చుంది. అంకాలు తలవంచుకుంది. ఎంత సిగ్గుపడిందంటే, చలి పట్టిన ఆ రాజ్యంలో ఆ ఒక్క ముఖం వేడెక్కింది.

పొద్దు వాలింది. రాకాసి సైగ చేసింది. అంకాలు మూత తీసింది. పైన చల్లని బూడిద. వేలితో కాస్త పక్కకు తీసింది. బూడిదే. ఇంకాస్త తీసింది. అడుగున రేగుపండంత కణిక, పొద్దున ఎంత ఉందో అంతే, గోరింటాకు పెట్టిన వేలి కొసలా ఎర్రగా కన్ను తెరిచింది. మళ్లీ కప్పేసింది. ఈసారి ఊదాలనిపించలేదు. చీకట్లో గట్టు దాటలేక ఆ రాత్రీ బండ మీదే పడుకుంది.

తొమ్మిదో రోజు తెల్లవారగానే దొన్నెలో నీళ్లు నింపి పది అడుగులు నడిచింది. ఒక్క చుక్క తొణకలేదు. రాకాసి వేళ్లతో గట్టు వైపు చూపించింది. అంకాలు కత్తిగట్టు మీద ఈసారి పాకలేదు, నిలబడి నడిచింది. అవతలి అంచు దిగిందో లేదో, వెనకనుంచి ఒక పెద్ద చప్పుడు వినిపించింది. రాకాసి ఆవులించింది. ఆ వెచ్చటి గాలి అంకాలు వీపు మీద చెయ్యి వేసి కొండ వాలున నెట్టుకుపోయింది. రెండు రోజుల దారి ఒక్క పగట్లో ఎలా దిగిందని అడిగితే కొందరు ఆ ఆవులింత వల్లనే అంటారు. ఒక పగలంతా కూర్చుని లేచిన కాళ్లు అలాగే నడుస్తాయని కావళ్లవాళ్లంటారు. చెరి సగం అనుకుని నన్ను వదిలేయండి.

కోట గుమ్మం దాటేసరికి పొద్దు మూరెడుంది. కడియం మీద రాగిరంగు ఆవగింజంత మిగిలింది. పైడమ్మ పొయ్యి పక్కన గోనెల కింద పడుకుని ఉంది. కళ్లు మాత్రం కదులుతున్నాయి. రాజుతో సహా ఊరంతా ఆ వంటశాలలో కిక్కిరిసి నిలబడింది. అంకాలు ముంత దించి బూడిద తీసింది. అడుగున శనగగింజంత కణిక.

రాజు ముంతలోకి తొంగిచూశాడు. "తిత్తి తెండి, త్వరగా ఊదండి" అని కేక పెట్టాడు. కమ్మరి తిత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

అంకాలు రెండు చేతులూ ముంతకు అడ్డం పెట్టింది. "వద్దు మహారాజా. ఏడుగురు ఊదారు, నేనూ ఊదాను. కాస్త వెనక్కి జరగండి, దానికి ఊపిరాడనివ్వండి."

పదమూడేళ్ల పిల్ల మాటకు రాజు వెనక్కి జరిగాడు. రాజు జరిగితే ఊరు జరిగింది. అంకాలు ఎండిన కొబ్బరిపీచు చిక్కు తీసి, కణికను దాని మధ్య ఉంచి, మూసి, ఆగింది. కడియం చూసుకోలేదు. చూస్తే చెయ్యి వణుకుతుంది. చాలాసేపటికి సన్నగా పొగ వచ్చింది. పీచు అంచు ఎర్రబడింది. అప్పుడు ఒక్కసారి, నిద్రపోతున్న పసిబిడ్డ ముఖం మీద ఊదినంత మెల్లగా ఊదింది. మంట లేచింది.

పొయ్యి వెలిగిన వేడికి పైడమ్మ వేళ్లు కదిలాయి. భుజాలు కదిలాయి. కడియం మీది నలుపు మసి తుడిచినట్టు పోయింది. ఇన్నాళ్లకు ఆమె నోట మొదటి మాట వచ్చింది.

"బూడిద పారబోశావా ఏటే?"

"లేదమ్మా" అంది అంకాలు. "కొంచెం నొసటికి రాసుకున్నాను."

తల్లి నవ్వుతూ ఏడ్చింది. ఊరి ఆడవాళ్లు తలా ఒక పిడక తెచ్చుకుని ఆ పొయ్యిలో అంటించుకుని ఇళ్లకు పోయారు. చీకటి పడేలోపు రాజ్యమంతా పొయ్యిలు రాజుకుని, నెల రోజుల తరవాత అన్నం ఉడికింది. ఆ గంజి వాసనకు కళ్ల నీళ్లు పెట్టుకోనివాడు లేడు, రాజుతో సహా.

రాజు తన తప్పు తెలుసుకుని ఏమి కావాలో కోరుకోమన్నాడు. అర్ధరాజ్యం ఇస్తానన్నాడు. అర్ధరాజ్యం ఊడ్చుకోవడానికి ఎంత చీపురు కావాలో తలుచుకుని అంకాలు వద్దంది. రెండే అడిగింది. నెలకొక నాడు, అమావాస్యకు, రాజ్యంలో తిత్తులన్నీ ఆగాలి, నిప్పంతా బూడిద కింద పడుకోవాలి, దానితోపాటు మనుషులూ కాళ్లు చాపుకోవాలి. కావళ్లవాళ్లను కావడిబండ మీద కూర్చోనివ్వాలి. రాజు రెండూ ఒప్పుకుని, కోటలోని నిప్పంతటికీ ఆమెనే పెత్తందారును చేశాడు. ఆమె ఊ అంటే బురుజు వెలిగేది, ఊహూ అంటే రాజుగారి దీపం కూడా ఆరేది.

ఏటేటా అంకాలు ఉప్పు కావళ్లవాళ్ల వెంట కొండెక్కి, కుండెడు వేడి గంజి, దోసెడు ఉప్పు రాకాసికి ఇచ్చి, ఆ బండ మీద ఒక పగలంతా ఏమీ చేయకుండా కూర్చుని వచ్చేది. తోడు పోయినవాళ్లెవరైనా త్వరగా పోదామని తొందరపడితే, దొన్నెలో నీళ్లు పోసి చేతికిచ్చేది.

మీరెప్పుడైనా కొండెక్కుతుంటే, గాలి లేని చోట వెచ్చటి గాలి ఒకటి మీ వీపున తగిలితే, వెనక్కి తిరిగి చూడకండి. కూర్చోండి. కూర్చున్నవాళ్లను రాకాసి ఏమీ చేయదు. గుప్పెడు ఉప్పు మాత్రం దగ్గర ఉంచుకోండి.